నగారా మోగని శనివారం

శనివారం లోపల నాబ్బోసా చెయ్యాల్సిన పనులు ఇవి:

ఇల్లిల్లూ తిరిగి ఎవరి దగ్గర పార ఉందో, ఎవరి పారకి కర్ర ఊడిందో కనుక్కోవాలి.
బడి తట్టలు నాలుగు అడగాలి. హెడ్‌మాస్టరు గొణుగుతాడు, అయినా అడగాలి.
గంజికి పిండి ఇస్తానన్న నామ్‌పీమాకి ఆ మాట మళ్ళీ గుర్తు చెయ్యాలి.
సబ్‌కౌంటీ సర్కారు ఆఫీసు వాళ్ళిచ్చిన ఫారంలో ఊరందరి పేర్లూ రాసి కొట్టు గోడకి అంటించాలి.
ఆరో తరగతి ఇంగ్లీషు కాగితాలు దిద్దాలి.
అమ్మ మోకాళ్ళకి నూనె తేవాలి.

గురువారం సాయంత్రానికి అన్నిటి పక్కనా టిక్కు పడింది. స్సాలోంగో లుటాయాకి కబురు చెప్పడం అనే పని మాత్రం ఆ జాబితాలోనే లేదు. ఆయనకి ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. ఊరి పని ఉన్న శనివారం తెల్లవారుతూనే ఆయన తన వాకిట్లో నగారా మోగిస్తాడు, ఊరు లేస్తుంది. ముప్ఫై ఏళ్ళుగా అంతే. సూర్యుడికి రమ్మని ఎవరైనా కబురు పెడతారా?

కికోంగె ఊళ్ళో డిగ్రీ చదివిన మొదటి మనిషి నాబ్బోసా. వాళ్ళమ్మ అరటిగెలలు నెత్తిన పెట్టుకుని సంతకు మోసి చదివించింది. అందుకని ఊళ్ళో ఏ కాగితం వచ్చినా ఆమె చేతికే వస్తుంది. బ్యాంకు కాగితమైనా, ఆస్పత్రి చీటీ అయినా, మందుసీసా మీది అక్షరాలైనా సరే. విసుక్కోకుండా చదివి పెడుతుంది. ఊరి కమిటీకి కార్యదర్శిని కూడా చేశారు. ఈ ఫారం కూడా అలాగే వచ్చింది.

ఈసారి పని ఊటది. ఊరంతా తాగేది ఆ ఊట నీళ్ళే. మొన్నటి వానలకి గట్టు జారి ఊట నోరు బురదతో పూడిపోయింది. ఆడవాళ్ళు కిందనున్న చిత్తడి నీళ్ళు ముంచుకుంటున్నారు. నాబ్బోసా తరగతిలో పదకొండు మంది పిల్లలు విరేచనాలతో రావడం మానేశారు. ఊరివాళ్ళు శనివారం మధ్యాహ్నానికల్లా బురద ఎత్తి చోటు తయారుచేస్తే సబ్‌కౌంటీ నీళ్ళ ఆఫీసరు చూసి సిమెంటూ గొట్టమూ పంపిస్తాడు. చెయ్యకపోతే అవి పక్క ఊరికి పోతాయి. వాళ్ళు ముందే అర్జీ పెట్టుకుని కూచున్నారు.

ఫారంలో గడులు నాలుగు. పేరు. వచ్చారు. రాలేదు. నాలుగోది ఇంగ్లీషులో ‘ఇన్‌కేపబుల్’. అంటే పని చేసే శక్తి లేనివాళ్ళు. వీళ్ళు పనికి రాకపోయినా జరిమానా ఉండదు. నాబ్బోసా ఆ గడిలో ఐదు పేర్లు రాసింది. మంచం పట్టిన తెరెజా. నాలుగు రోజుల బాలింత ఒకామె. కాలు విరిగిన మేస్త్రీ. ఒకప్పుడు చర్చిలో మతపాఠాలు చెప్పి, ఇప్పుడు చూపు పోయిన క్యాటకిస్టు. ఐదో పేరు లుటాయా. ఆయనకి డెబ్భై ఆరు. ఊరి పనిలో ఆయన పార పట్టగా ఆమె ఎన్నడూ చూడలేదు. పెద్దాయనకి ఎందుకు శ్రమ అనుకుంది. మేలే చేస్తున్నాననుకుంది.

శుక్రవారం ఆ కాగితాన్ని కొట్టు దగ్గర బోడా, అంటే కిరాయి మోటారుసైకిలు, నడిపే ముసిసి గట్టిగా చదివి, ఇంగ్లీషు రానివాళ్ళకి అర్థం కూడా చెప్పాడు.

శనివారం తెల్లవారింది. నాబ్బోసా పార భుజాన వేసుకుని ఊట దగ్గరికి వెళ్ళింది. పొగమంచు విడింది. పిట్టలు అరిచాయి. అరటాకుల మీంచి మంచు బొట్లు బొట్లుగా రాలింది. అంతకు మించి ఏ చప్పుడూ లేదు.

ఊరి చైర్మన్ కిబుకా వచ్చాడు. ఇద్దరు ముసలమ్మలు వచ్చారు, వాళ్ళకి ఎలాగూ నిద్ర పట్టదు. ముప్పావు గంట గడిచింది. ఆ నలుగురే.

కిబుకా ముసిసికి ఫోను చేసి మైకు కట్టించి ఊరంతా తిప్పాడు. ముసిసి తిరిగొచ్చి బండి ఆపాడు.

“ఎవరూ రారు చైర్మన్.”

“ఎందుకు రారు? చెప్పావా, ఊట పని అని?”

“గొంతు పోయేట్టు చెప్పాను. నామ్‌పీమా కిటికీలోంచి ఏమందో తెలుసా? ‘నగారా మోగలేదుగా, నువ్వు పళ్ళపొడి అమ్ముకునేవాడివనుకున్నా’ అంది. కసాయి కిన్టూ అయితే తలుపే తియ్యలేదు. లోపల్నుంచే, ‘నగారా లేకుండా జరిమానా లేదు, పోరా’ అన్నాడు.”

అదీ నిజమే. ఆ ఊరి కట్టడి అది. నగారా మోగాక రానివాడికే జరిమానా. మోగకపోతే ఎవణ్ణీ ఎవరూ ఏమీ అనడానికి లేదు.

కిబుకా టోపీ తీసి తల గోక్కున్నాడు. “ముసలాయనకి ఒంట్లో బాగాలేదేమో?”

ముసిసి నేల చూశాడు. “ఒళ్ళు బాగానే ఉంది. నిన్న కొట్టు దగ్గర నేను చదువుతుంటే వెనకే నిలబడ్డాడు. నేను చూసుకోలేదు. ‘ఆ మాటకి అర్థం ఏంట్రా’ అన్నాడు. ఇంకేం పనికి రానివాడు అని చెప్పాను.”

“అలా చెప్పావా!” అంది నాబ్బోసా.

“మరి ఎలా చెప్పమంటావు టీచర్? రాసింది నువ్వు. నేను చదివానంతే.”

కిబుకా టోపీ మళ్ళీ పెట్టుకున్నాడు. “నువ్వే రాశావు కాబట్టి నువ్వే వెళ్ళమ్మా. నేనొస్తే ఆయన నన్ను మా నాన్న కాలం నుంచి మొదలుపెట్టి తిడతాడు.”

*

లుటాయా ఇల్లు గుట్ట మీద. నగారా వసారాలో దాని ముక్కాలిపీట మీద ఉంది, తోలు మీద బట్ట కప్పి. దాని పక్కనే చాప. చాప మీద లుటాయా, వెల్లకిలా, మెడదాకా దుప్పటి కప్పుకుని, కళ్ళు తెరుచుకుని.

నాబ్బోసా మోకాళ్ళ మీద కూర్చుని దణ్ణం పెట్టింది. రాత్రి ఎలా గడిచిందని అడిగింది. బాగానే గడిచిందన్నాడు. ఇంట్లోవాళ్ళు ఎలా ఉన్నారంది. ఉన్నారన్నాడు. అరటితోట ఎలా ఉందంది. ఉందన్నాడు. అన్నీ అయ్యేదాకా కళ్ళు వాసం మీంచి కదల్లేదు.

ఆయన భార్యని ఊరంతా నాలోంగో అంటుంది. కవలల్ని కన్న తల్లి కాబట్టి ఆమె నాలోంగో, తండ్రి కాబట్టి ఆయన స్సాలోంగో. ఆమె గడప దగ్గర కూర్చుని పచ్చి అరటికాయలు చెక్కు తీస్తోంది.

“తెల్లారినప్పణ్ణుంచీ ఇదే వరస,” అంది నాలోంగో. “లేవడు. గంజి కూడా పడుకునే తాగాడు. ఆ మీసాలు చూడు, సగం గంజి వాటికే.”

నాబ్బోసాకి నవ్వొచ్చింది గానీ ఆపుకుంది. “తాతా, నగారా మోగలేదు.”

“మోగదు. నేను పడుకున్నాగా. కాయితం మీద నువ్వు అలాగే రాశావట. నీ మాట కాదనడం ఎందుకని పడుకున్నా.”

“మీకు శ్రమ వద్దని రాశాను తాతా.”

“ఆ మాట ఇంకోసారి చెప్పు.”

“ఇన్‌కేపబుల్.”

“దానికి అర్థం ఏంటి? ముసిసిగాడు చెప్పింది కాదు, బళ్ళో పిల్లలకి నువ్వు ఎలా చెప్తావో అలా చెప్పు.”

నాబ్బోసా తలొంచుకుంది. చాప ముందు మోకాళ్ళ మీద కూర్చున్న తనే బడిపిల్లలా ఉంది. “ఒక పని చెయ్యగలిగే గుణం లేకపోవడం.”

“వాక్యంలో పెట్టు. మీరు అలాగే కదా అడుగుతారు? నా మనవరాలు రోజంతా అదే గోల, వాక్యంలో పెట్టు, వాక్యంలో పెట్టు అని.”

“కోడి ఈదడానికి ఇన్‌కేపబుల్.”

“ఎప్పటికీనా?”

“ఎప్పటికీ తాతా. అది దాని వల్ల కాదు.”

“సరే. ఇప్పుడు నా పుంజు ఉంది. దానికి గొంతు పట్టేసి ఇవాళ కుయ్యలేదనుకో. దాన్నీ అదే మాట అంటావా?”

“అనను. దానికి వేరే మాట ఉంది. అనేబుల్. అంటే ఇవాల్టికి చెయ్యలేకపోవడం. రేపు గొంతు బాగుపడితే కూస్తుంది.”

“ఓహో. రెండు మాటలున్నాయన్నమాట.”

“ఉన్నాయి.”

“నీకు రెండూ తెలుసు.”

“తెలుసు తాతా.”

“తెలిసుండి కూడా నాకు కోడి మాట ఇచ్చావు.”

నాలోంగో చేతిలో కత్తి ఆగింది. నాబ్బోసాకి చెవులు వేడెక్కాయి. ఫారంలో ఆ ఒక్క గడే ఉందని చెప్పబోయింది. నిజమే అయినా ఆ నిజం చిన్నదిగా అనిపించి మింగేసింది. ఆఫీసువాడు వేసిన గడి అది. అందులో పేరు పెట్టిన చెయ్యి మాత్రం తనది.

“తప్పయింది తాతా,” అంది. “మీరు పార పట్టరు కదా అని, ఆ గడిలో వేసేశాను. ఊరు లేచేది మీ నగారాకే అని ఆలోచించలేదు. అది నాకు పనిలాగే కనపడలేదు. ఇవాళ మోగకపోతే తెలిసింది.”

లుటాయా మొదటిసారి ఆమె వైపు తల తిప్పాడు. చూసి, మళ్ళీ వాసం వైపు తిప్పుకున్నాడు.

“నాలోంగో, లోపలికెళ్ళి పొయ్యి చూడు.”

“పొయ్యి ఇంకా వెలిగించందే ఏం చూడను?”

“అయితే వెలిగించు.”

ఆమె గిన్నె తీసుకుని లేచింది. గడప దాటింది గానీ దూరం వెళ్ళలేదు. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు.

లుటాయా దుప్పటి కిందనుంచి ఎడమచెయ్యి తీసి గాల్లో నిలబెట్టాడు. అది నిలబడలేదు. గాలికి అరటాకు అంచు కొట్టుకున్నట్టు వేళ్ళు కొట్టుకుంటున్నాయి.

“వానలు మొదలైనప్పణ్ణుంచీ ఇలా ఉంది. పోయిన నెల నగారా ఎలా మోగిందో విన్నావా?”

“విన్నాను. బాగానే ఉంది.”

“బాలేదు. నువ్వు నిద్దట్లో విన్నావు. ఒక దెబ్బ ముందు పడింది, ఒకటి అసలు పడనేలేదు. ఎవరూ పట్టుకోలేదులే అనుకున్నా. నిన్న నీ కాయితం విన్నాక నాకు కోపం రాలేదమ్మా. భయం వేసింది. ఈ పిల్ల నా చెయ్యి చూసేసింది అనుకున్నా. ఇన్‌కేపబుల్. సరిగ్గానే రాసిందేమో అనుకున్నా. అందుకే పడుకున్నా. అలక సగం. మిగతా సగం ఇదీ.”

వీధిలో ముసిసి మోటారుసైకిలు దగ్గుతూ పోయింది. ఎండ గుట్ట మీదికి ఎక్కుతోంది. మధ్యాహ్నానికి ఆఫీసరు వస్తాడు. వచ్చి నలుగురు మనుషుల్నీ, పూడిపోయిన ఊటనీ చూసి, ఫారం మడిచి జేబులో పెట్టుకుని పక్క ఊరికి పోతాడు. అయినా ఆ చెయ్యి చూశాక ఈ ముసలాయన్ని లేవమని అడగడానికి ఆమెకి నోరు రాలేదు.

“కుడిచెయ్యి?” అంది చివరికి.

“కుడిచేతికేం, ఎద్దులా ఉంది.”

“మరి ఎడమచెయ్యి ఇంకెవరిదైనా అయితే?”

లుటాయా లేచి కూర్చున్నాడు. దుప్పటి జారింది. “ఎవరిది?”

“నాది.”

లోపల్నుంచి నాలోంగో గొంతు వినిపించింది. “మా అమ్మమ్మ రోజుల్లో ఆడది నగారా ముట్టుకుంటే తోలు పగులుతుందనేవారు.”

నాబ్బోసా వెనక్కి జరిగింది. నాలోంగో గడపలోకి వచ్చి నిలబడింది, బుగ్గ మీద మసితో. “అది ఆవు తోలు. ఇంగ్లీషు చదివిన ఆడదో కాదో దానికేం తెలుసు? ముట్టుకో. పగిలితే నేను కుట్టిస్తా. ఈయన ఇలాగే పడుకుంటే మధ్యాహ్నం భోజనం కూడా మీసాలకే పెట్టాలి.”

*

బట్ట తీశారు. లుటాయా ముక్కాలిపీటకి కుడివైపు నిలబడ్డాడు, నాబ్బోసా ఎడమవైపు. చెరో పుల్ల.

“ఇది ఏం చెప్తుందో తెలుసుగా?” అన్నాడు. “పడుకున్నవాడు నాకొద్దు. పడుకున్నవాడు నాకొద్దు. ప్రతి ‘వద్దు’ తరవాతా ఊపిరి తియ్యి. అక్కడ కొట్టకూడదు. ఖాళీ వదలాలి. ఆ ఖాళీలోనే జనం చెప్పులు వెతుక్కుంటారు.”

“సరే తాతా.”

మొదలుపెట్టారు. మొదటి రెండుసార్లూ కుదిరింది. మూడోసారి ఆమె ఖాళీలో ఒక దెబ్బ వేసింది. నాలుగోసారి రెండు. జీవితమంతా తప్పు పోకూడదని ఆత్రపడ్డ చెయ్యి అది, దానికి ఖాళీ వదలడం చాతకాలేదు. ఖాళీ కనపడగానే పడిపోతోంది. ఆయన దెబ్బకీ ఈమె దెబ్బకీ మధ్య సందే లేకుండా నగారా గడగడా ఒకటే పరుగు.

లుటాయా ఒకసారి ఆమె వైపు చూశాడు. ఏదో చెప్పబోయాడు. ఊరుకున్నాడు. పైగా తన కుడిచెయ్యి వేగం పెంచాడు.

కింద అరటితోటల్లో తలుపులు దబదబా తెరుచుకున్నాయి.

ఆ ఊళ్ళో నగారాకి రెండు భాషలు. ఒకటి పనికి పిలిచేది, ఖాళీలతో. రెండోది ఆపదకి పిలిచేది, ఖాళీలు లేకుండా. దొంగలు పడ్డా, ఇల్లు అంటుకున్నా, పిల్ల తప్పిపోయినా మోగేది అది. అది వింటే అన్నం ముందున్నవాడు కూడా లేచి రావాలి.

వచ్చారు. గుట్ట అన్ని వైపుల్నుంచీ వచ్చారు. కసాయి కిన్టూ పెద్ద కత్తితో వచ్చాడు. నామ్‌పీమా సంగటి తిప్పే తెడ్డుతో వచ్చింది, తెడ్డుకి సంగటి అలాగే ఉంది. సగం గడ్డం గీసుకున్న చర్చి ప్రార్థన పెద్ద, సబ్బు నురగతో. నాలుగేళ్ళుగా ఊరి పనికి ముఖం చూపించని ఇటుకలబట్టీ వాళ్ళు ఏడుగురు, చేతికో ఇటుకతో. చివరగా, రొప్పుతూ, టోపీ లేకుండా, చైర్మన్ కిబుకా.

“ఎక్కడ?” అన్నాడు కిన్టూ కత్తి ఎత్తి. “ఎటు పోయాడు వాడు?”

“ఎవడు?” అన్నాడు లుటాయా.

“దొంగ!”

“దొంగ ఎవడూ లేడు.”

“మరి మంటా?”

“నామ్‌పీమా సంగటి మాడుతుందేమో, అంతకంటే లేదు.”

జనం ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. నాబ్బోసాకి అప్పటికి అర్థమైంది, తన చెయ్యి చేసిన పని. పుల్ల కింద పెట్టేసి మొహం దాచుకుంది.

“ముసలాయనా, బుద్ధుందా నీకు?” అంది నామ్‌పీమా తెడ్డు ఊపుతూ. “నా గుండె నోట్లోకొచ్చింది! ఆపద నగారాతో ఆటలా?”

“ఆట కాదు,” అన్నాడు లుటాయా. మీసాలకి ఇంకా గంజి ఉంది గానీ గొంతు చాప మీద పడుకున్న మనిషిది కాదు. “ఊట చచ్చిపోతోంది. నీ చిన్నపిల్ల మూడు రోజులుగా ఏ నీళ్ళు తాగి పడుకుంది? మధ్యాహ్నం ఆఫీసరు వస్తున్నాడు. ఇది ఆపద కాకపోతే ఇంకేది ఆపదో చెప్పు, దానికే కొడతా.”

నామ్‌పీమా తెడ్డు దించింది.

కిన్టూ చేతిలో కత్తి చూసుకున్నాడు. “ఎలాగూ తెచ్చాను కదా, ఆ తుంగ నరికేస్తా,” అన్నాడు.

ఎవరో నవ్వారు. తరవాత అందరూ నవ్వారు. ఇటుకలబట్టీ వాళ్ళు మెల్లగా వెనక్కి జారబోతుంటే నాలోంగో దారికడ్డంగా నిలబడింది. “చేతిలో ఇటుకలున్నాయిగా నాయనా. ఊట గోడకి పనికొస్తాయి. పదండి.”

ఊటకి అంతమంది ఏనాడూ రాలేదు. మగవాళ్ళు బురదలో నడుములోతు దిగారు. ఆడవాళ్ళు వరస కట్టి తట్టలు చేతులు మార్చారు. కిన్టూ తుంగ నరికాడు, నరికినంతసేపూ లేని దొంగని తిట్టాడు. ప్రార్థన పెద్ద మిగతా సగం గడ్డంతోనే కాలవ తవ్వాడు. లుటాయా గట్టు మీద ఇంకో ముక్కాలిపీట వేయించుకుని కూచుని ఎవరు బద్ధకిస్తే వాళ్ళ పేరు పెట్టి పిలిచాడు. పదకొండు గంటలకి బురదలోంచి సన్నగా ఒక ధార లేచింది, మొదట ఎర్రగా, తరవాత గంజిలా, ఆ తరవాత ఏ రంగూ లేకుండా. నామ్‌పీమా దోసిలి పట్టి తాగి, తడి చేతులు లుటాయా మొహానికి పూసింది. మీసాల గంజి అప్పుడు పోయింది.

ఒంటిగంటకి ఆఫీసరు మోటారుసైకిలు మీద వచ్చాడు. ఊట చూశాడు. జనాన్ని లెక్కపెట్టడం మొదలుపెట్టి, ఎనభై దాటాక మానేశాడు. ఫారం అడిగాడు. కొట్టు గోడ మీంచి తీసి తెచ్చిన కాగితం నాబ్బోసా ఇచ్చింది. నాలుగో గడిలో లుటాయా పేరు కొట్టేసి ఉంది. ‘వచ్చారు’ గడిలో అందరికంటే ముందు ఉంది. కొట్టేసిన చోట ఇంకో పేరు ఉంది.

ఆఫీసరు కళ్ళజోడు సర్దుకుని చదివాడు. “నాబ్బోసా, ఇన్‌కేపబుల్. వివరం: నగారా.” తలెత్తాడు. “నాబ్బోసా ఎవరు?”

“నేనేనండి.”

“మీరేనా? మోకాళ్ళదాకా బురదుంది మీకు.”

“బురద ఎత్తగలను. నగారా కొట్టలేను. ఊరంతా విన్నారు.”

జనం గొల్లుమన్నారు. నవ్వు తగ్గాక లుటాయా ముక్కాలిపీట మీంచి చెయ్యెత్తాడు, బళ్ళో పిల్లవాడిలా, వణికే చెయ్యే.

“అయ్యా, ఆ మాట తప్పు. దిద్దండి. ఆవిడ కోడి కాదు. పుంజు. ఇవాల్టికి గొంతు పట్టేసింది అంతే. దానికి వేరే మాట ఉంది.”

“అనేబుల్,” అంది నాబ్బోసా.

“అదీ! వచ్చే నెల్లో చూడండి.”

ఆఫీసరుకి కోడి సంగతేమీ అర్థం కాలేదు. అయినా సంతకం పెట్టాడు. సిమెంటు సోమవారం వచ్చింది. బుధవారానికి నాబ్బోసా తరగతిలో ముగ్గురు పిల్లలు తిరిగొచ్చారు, ఆ పై వారం మిగతావాళ్ళు.

ఆ తరవాత ప్రతి శుక్రవారం బడి వదిలాక ఆమె గుట్ట ఎక్కేది. లుటాయా దిండు మీద పుల్లలతో సాధన చేయించేవాడు. ఖాళీ వదలడం నేర్పడానికే నాలుగు నెలలు పట్టింది. “ఊపిరి తియ్యి, తొందరేంటి, ఎవరూ నీ కాయితం దిద్దడం లేదు,” అనేవాడు. ఐదో నెల మొదటి శనివారం నగారా సరిగ్గా మోగింది, రెండు చేతులు ఒక మనిషివే అన్నట్టు. ఊరు నిదానంగా చెప్పులు వెతుక్కుని వచ్చింది. ఎవరూ కత్తి తేలేదు. నామ్‌పీమాకి అది కాస్త నిరాశే.

అలా రెండేళ్ళు కొట్టారు ఇద్దరూ. ఇప్పుడు ఆయన లేడు. రెండు పుల్లలూ నాబ్బోసావే. ఖాళీ దగ్గరికి వచ్చినప్పుడల్లా ఊపిరి తీస్తుంది, పక్కన ఖాళీగా ఉన్న లుటాయా ముక్కాలిపీట వైపు ఒకసారి చూస్తుంది. ఊట ధారగా పారుతోంది.

ఇంత దూరం చదివినవాళ్ళని ఒక్కటి అడగాలి. మీ చేతికీ ఎప్పుడో ఒక ఫారం వస్తుంది. అందులో అలాంటి గడి ఒకటి ఉంటుంది. దాంట్లో ఎవరి పేరైనా రాసే ముందు ఒక్క ఊపిరి ఆగి, కికోంగె గుట్ట మీది లుటాయాని తలుచుకోండి. ఎడమచెయ్యి వణికేది ఆయనకి. మీసాలకి గంజి ఉండేది.